వారి బల్ల, మన బలిపీఠం



“వాళ్ళకు వాక్యం, మనకు పూజ.” పక్క వీధిలోని సి.యస్.ఐ. గుడి సంగతి వచ్చినా, ఊరి చివరి బాప్టిస్టు సంఘం సంగతి వచ్చినా మన ఆర్.సి.యం. పెద్దలు ఈ ఒక్క మాటతో తేల్చివేస్తూ ఉంటారు. అందులో కొంత నిజం ఉంది, కొంత అతిశయమూ ఉంది. ప్రతి సంవత్సరం జనవరి 18 నుండి, పునీత పౌలుగారి మనఃపరివర్తన పండుగ అయిన 25వ తేదీ వరకు క్రైస్తవుల ఐక్యత కోసం శ్రీసభ ప్రార్థిస్తుంది. ఆ ఎనిమిది రోజులలో పొరుగు సంఘాలవారిని గూర్చి రెండు మంచి మాటలు చెప్పి ఊరుకోవడం సులువే. అలా కాకుండా, వారి ప్రభు భోజనపు ఆరాధన ఎలా సన్నగిల్లింది, మరల ఎలా చిగురించింది, ఆ చిగురింపుతో మనకేమి పని అనే సంగతిని ఈసారి కాస్త ఓపికగా చూద్దాం.

ముందుగా ఒక మాట. ప్రొటెస్టెంటు సహోదరులందరినీ ఒకే గాట కట్టరాదు. 1836లో గోదావరి డెల్టాకు వచ్చిన బ్రదరెన్ మిషనరీల సంఘాలు నరసాపురం ప్రాంతంలో నేటికీ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాయి. హైదరాబాదులోని హెబ్రోను మొదలుకొని భక్తసింగ్ గారి సహవాసాలలో కూడా ఆదివారపు ఆరాధనకు ప్రభువు బల్లే కేంద్రం. మన ముత్తవ్వలు ఒక పక్క పూజ జరుగుతుండగా మరో పక్క జపమాల చెప్పుకొనే రోజులలోనే ఆ డెల్టా పల్లెల విశ్వాసులు వారం వారం రొట్టెను, పాత్రను పంచుకొన్నారు. కాబట్టి “వాళ్ళకు బల్ల లేదు” అనే మాట మన తెలుగునాట ఎన్నడూ పూర్తిగా నిజం కాదు. అయితే పెద్ద సంఘాలలో మాత్రం సంస్కారం అరుదయ్యింది. నెలలో ఒక ఆదివారం “సంస్కారపు ఆదివారం”. కొన్ని పల్లెలలో అది కూడా లేదు.

ఇలా ఎందుకు జరిగింది? సంస్కరణకర్తలు బల్లను తీసివేయాలని కోరారని మనలో చాలామంది అనుకొంటారు. చరిత్ర చెప్పేది వేరు. వారికి ముందు మన ఇల్లు ఎలా ఉన్నదో చూడండి. 1215లో నాల్గవ లాతరన్ మహాసభ ప్రతి విశ్వాసీ సంవత్సరానికి ఒక్కసారైనా, అదీ పాస్కా కాలంలో, దివ్యసత్ప్రసాదం స్వీకరించి తీరాలని ఆజ్ఞ చేసింది. అలాంటి ఆజ్ఞ అవసరమైనదంటే అప్పటి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. గురువు ఎత్తి చూపిన అప్పాన్ని కన్నులారా చూస్తే చాలునని జనం తృప్తిపడేవారు. 1415లో కాన్‌స్టెన్స్ మహాసభ సామాన్య విశ్వాసులకు పాత్రను నిలిపివేసింది. జనం చూసేవారే గాని తినేవారు కాదు. ఆ స్థితిని మార్చి, విశ్వాసులను తిరిగి భోజనానికి కూర్చోబెట్టాలన్నదే లూథరు, కాల్విన్ వంటివారి తొలి కోరిక.

కాని సంవత్సరానికి ఒకసారి తినడానికి అలవాటుపడిన జనం ఒక్కసారిగా వారం వారం రమ్మంటే రారు కదా! జూరిక్ నగరంలో జ్వింగ్లీ 1525 నుండి ప్రభు భోజనాన్ని సంవత్సరానికి నాలుగుసార్లకు పరిమితం చేశాడు. కాల్విన్ మాత్రం కనీసం వారానికి ఒకసారి ఉండాలని కోరాడు. జెనీవా నగర పెద్దలు ఒప్పుకోలేదు. 1541 నాటి నిబంధనలలో అక్కడ కూడా నాలుగుసార్లే అని స్థిరపడింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1561లో, తమ అలవాటు లోపభూయిష్టమైనదని, తన తరువాత వచ్చేవారు దానిని సరిదిద్దుకోవడం తేలిక కావాలనే ఈ సంగతిని బహిరంగంగా వ్రాయించి ఉంచానని కాల్విన్ చెప్పాడు. తన సంఘంలోని లోపాన్ని తానే వ్రాసిపెట్టి పోయిన నాయకుడి గౌరవం మనం దాచకూడదు. ఇంగ్లండు సంఘం తన ప్రార్థన గ్రంథంలో సంవత్సరానికి మూడుసార్లయినా స్వీకరించాలని నియమం పెట్టింది. కనీసమన్నదే క్రమంగా ఆచారమయ్యింది. తినేవారు లేకపోతే భోజనపు ఆరాధన సాగరాదన్న నియమం కూడా ఉండటంతో, ఉదయ ప్రార్థనా ప్రసంగమూ ఆదివారపు అసలు ఆరాధన అయిపోయాయి. పాత్ర జనం చేతికి తిరిగి వచ్చింది, బల్ల మాత్రం దూరమయ్యింది.

అలాంటి కాలంలో జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు చార్లెస్ ప్రభు భోజనాన్ని మరల ముందుకు తెచ్చారు. 1745లో అన్నదమ్ములు ఒక్క ప్రభు భోజనం మీదనే 166 కీర్తనలతో పుస్తకం ప్రచురించారు. ఎడతెగక స్వీకరించడం క్రైస్తవుని కర్తవ్యమని 1787లో అచ్చయిన ప్రసంగంలో జాన్ వెస్లీ వాదించాడు. ఆ వెస్లియన్ల సంతతివారే తరువాత మెదకు సీమకు వచ్చారు. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిన మెదకు మహా దేవాలయం వారు కట్టినదే. అయితే వెస్లీ ఆకలి ఆయన సంఘాలలోనే నిలువలేదు.

మన దేశానికి వచ్చేటప్పటికి మరొక కష్టం తోడయ్యింది. పట్టం పొందిన బోధకుడు ఒకడు, గ్రామాలు ఇరవై ముప్ఫై. ఊళ్ళో ఉండేది ఉపాధ్యాయుడైన సువార్తికుడు. ఆయన సాయంత్రం గంట కొట్టి, పాట పాడించి, వాక్యం చదివి ప్రార్థన చేయగలడు, బల్ల ఇవ్వలేడు. అయ్యగారు ఎడ్లబండి మీద వచ్చిన నాడే సంస్కారం. ఇది చదివి మనం నవ్వుకోనక్కరలేదు. మన విచారణల కింది గ్రామాలలో నెలకు ఒక్క పూజతో, మిగిలిన ఆదివారాలు ఉపదేశి చేయించే జపాలతో విశ్వాసాన్ని నిలుపుకొన్న కుటుంబాలు ఈ పత్రిక పాఠకులలోనే ఎన్నో ఉన్నాయి. దివ్యసత్ప్రసాదం లేని ఆదివారం ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు.

ఆ పల్లెల మధ్యనే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు నిలబడ్డారు. తిరునల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1919లో ట్రాంకెబార్‌లో కూడి, దక్షిణ భారతంలో ప్రొటెస్టెంటు సంఘాలు ఒకటి కావాలని పిలుపునిచ్చిన వారిలో ఆయన ముఖ్యులు. మాలపల్లె నుండి, మాదిగపల్లె నుండి, ఇతర కులాల నుండి వచ్చినవారు తన మేత్రాసనంలో ఒకే ప్రభువును ఆశ్రయించడం ఆయన చూశారు. ఒకే ప్రభువును ఆశ్రయించినవారికి నాలుగు సంఘాల పేర్లతో నాలుగు బల్లలు ఎందుకన్నది ఆయన మనసును తొలిచిన ప్రశ్న. ఆ ఐక్యతను ఆయన కళ్ళారా చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి దేవాలయంలో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మనం సి.యస్.ఐ. అంటున్నది దానినే.

కలిసిన తరువాత అసలు చిక్కు వచ్చింది. ఎవరి పుస్తకంతో బల్ల ఆరాధన జరపాలి? ఒకరికి అచ్చు పుస్తకంలోని ప్రార్థనే ప్రార్థన. మరొకరికి అప్పటికప్పుడు హృదయంలో నుండి వచ్చినదే ప్రార్థన. లెస్లీ బ్రౌన్ గారి ఆధ్వర్యంలో ఒక చిన్న సంఘం కూర్చొని క్రొత్త క్రమాన్ని సిద్ధం చేసింది. 1950 జనవరిలో మద్రాసులో జరిగిన సినాడులో దానిని మొదటిసారి వాడారు. తరువాత 1963లో వెలువడిన వారి ఆరాధన గ్రంథంలో అది స్థిరంగా చేరింది.

ఆ క్రమంలో ఏముందో మన కతోలిక కళ్ళతో ఒకసారి చూడండి. అధ్యక్షత వహించే ప్రెస్బిటరు బల్ల వెనుక, ప్రజలవైపు ముఖం పెట్టి నిలబడతాడు. పాత నిబంధన, లేఖ, సువార్త అని మూడు పఠనాలు. రొట్టెను, ద్రాక్షరసాన్ని, కానుకలను ప్రజల మధ్య నుండి తెస్తారు. కడరాత్రి ప్రభువు చేసినదాన్ని చెప్పే కృతజ్ఞతా ప్రార్థన మధ్యలో ప్రజలు గొంతెత్తి, క్రీస్తు మరణాన్ని స్మరిస్తున్నామని, ఉత్థానాన్ని ఒప్పుకొంటున్నామని, రాకడకై ఎదురుచూస్తున్నామని పలుకుతారు. ఇవన్నీ మన పూజలోనివే అనిపిస్తాయి కదూ? కాని తేదీలు గమనించండి. మన రెండవ వాటికన్ మహాసభ ఆరాధన సంవిధానాన్ని ప్రకటించినది 1963 డిసెంబరు 4న. మన క్రొత్త పూజ పుస్తకం, ఆదివారపు మూడు పఠనాలు 1969 తరువాతి మాట. 1950లో మన గుడిలో గురువు ఇంకా బలిపీఠం వైపు తిరిగి లతీనులో ప్రార్థిస్తున్నాడు. విశ్వాసుల ఆ పలుకు మన పూజలోకి వచ్చేసరికి డోర్నకల్ మేత్రాసనపు పల్లెలలో పెరిగిన పిల్లలకు అది అప్పటికే నోటికి వచ్చి ఉంటుంది.

వారు మన దగ్గర తీసుకొన్నారా, మనం వారి దగ్గర తీసుకొన్నామా అని తగువు పడటం అనవసరం. ప్రజల ఆ పలుకు మలబారు సిరియను క్రైస్తవుల ప్రాచీన ఆరాధన నుండి వచ్చింది. ఆ సిరియనుల పూర్వులకు మన పూర్వులకు అపోస్తలుల కాలపు బావి ఒక్కటే. ప్రభు భోజనం మీద 1945లో పెద్ద గ్రంథం వ్రాసి ఈ పునరుద్ధరణకు ఊపిరి పోసిన గ్రెగొరీ డిక్స్ ఒక ఆంగ్లికన్ మఠవాసి. ఆయనను మన వేదశాస్త్రులూ శ్రద్ధగా చదివారు. పాత బావిని పూడిక తీసేటప్పుడు అటువైపు నుండి ఒకరు, ఇటువైపు నుండి ఒకరు తవ్వితే మధ్యలో నీరు రెండు చేదలకూ తగులుతుంది.

ఆ 1950 నాటి క్రమంలోనిదే మరొక విషయం దగ్గర కొంచెం ఆగాలి. అది సమాధానం ఇచ్చే విధానం. కానుకలకు ముందు అధ్యక్షుడు తన ప్రక్కవారికి, వారు ప్రజలకు, ప్రజలు ఒకరి నుండి ఒకరికి సమాధానాన్ని చేతిలో చేయి వేసి అందిస్తారు. అరచేయి అరచేతిని తాకాలి. ఇదీ సిరియను ఆచారమే. కేరళలో అది ఎలా కనిపించేదో గాని, మన తెలుగు పల్లెకు వచ్చేసరికి దాని అర్థం మారిపోతుంది. నీళ్ళు పైనుండి దోసిట్లో పోసిన ఊళ్ళు మనవి. ఎవరి చేయి ఎవరికి తగలకూడదో పసిపిల్లలకు కూడా నేర్పిన ఊళ్ళు. అలాంటి చోట సువార్త విన్న ఇద్దరు మనుషులు చేతిలో చేయి వేసి సమాధానం ఇచ్చుకొని, తరువాత ఒకే పాత్రలో త్రాగడం అంటే అది ఆరాధన క్రమంలో ఒక చిన్న అంశం కాదు. కొరింతులో ధనికులు ముందే తిని, పేదలు ఆకలితో మిగిలిపోతే అది ప్రభు భోజనమే కాదని పునీత పౌలుగారు కోపగించినది ఇలాంటి సంగతిమీదే. మన పూజలో సమాధానం చెప్పుకొనేటప్పుడు మనం చేతులు జోడించి నమస్కరిస్తాం. అది మన సంస్కృతికి తగిన మర్యాదే, 1969లో భారతదేశానికి అనుమతించిన పద్ధతులలోనిదే. కాని దూరం నుండి పెట్టే నమస్కారం ప్రేమకైనా సరిపోతుంది, దూరం నిలుపుకోవడానికైనా సరిపోతుంది. ఏది ఎందుకో ఎవరి మనస్సుకు వారికే తెలుసు. కులాన్ని గుమ్మం దాటించి బలిపీఠం దాకా తెచ్చుకొనే జబ్బు వారిలోనూ పోలేదు, మనలోనూ పోలేదు.

ఈ పునరుద్ధరణ దక్షిణ భారతంతో ఆగలేదు. 1982లో పెరూ దేశపు లీమా నగరంలో నూరుమందికి పైగా వేదశాస్త్రులు జ్ఞానస్నానం, ప్రభు భోజనం, సంఘ పరిచర్య అనే మూడింటిమీద ఒక ఒప్పంద పత్రాన్ని ఆమోదించారు. వారిలో మన కతోలికులు కూడా సభ్యులుగా ఉన్నారు. క్రీస్తు ఉత్థానపు రోజు గనుక కనీసం ప్రతి ఆదివారం ప్రభు భోజనం జరగడం తగినదని ఆ పత్రం చెప్పింది. కాల్విన్ వ్రాయించిపెట్టిన లోపానికి నాలుగు వందల ఏళ్ళ తరువాత దొరికిన జవాబు అది. అన్ని సంఘాలూ దానిని పాటించలేదు. మన చుట్టూ నెలకొకసారి బల్ల ఇచ్చే గుళ్ళు ఇంకా ఉన్నాయి. అయినా దారి తిరిగింది.

ఇంత చెప్పాక, “అయితే ఫాదర్, ఇక తేడా ఏముంది? అక్కడైనా తీసుకోవచ్చునా?” అని అడిగేవారుంటారు. తేడా ఉంది. దానిని దాచడం ప్రేమ కాదు. రొట్టె ద్రాక్షరసాలు నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని, పూజ ముగిసిన తరువాత కూడా మందసంలో ఆయన ఉంటాడని, ఆ పూజ కల్వరి బలియే అని మనం విశ్వసిస్తాం. ప్రొటెస్టెంటు సంఘాలలో దీనిపై ఏకాభిప్రాయం లేదు. వారికి బిషప్పులు ఉన్నారు కదా అనవచ్చు. ఆంగ్లికన్ పట్టాలను శ్రీసభ గుర్తించలేదని 13వ లియో పోపుగారు 1896లో తీర్పు చెప్పారు. 1964 నవంబరు 21న వెలువడిన క్రైస్తవ ఐక్యత డిక్రీలో రెండవ వాటికన్ మహాసభ కూడా, ముఖ్యంగా గురుపట్టం లోపించినందువల్ల సత్ప్రసాద రహస్యపు సంపూర్ణ వాస్తవికతను వారు నిలుపుకోలేదని చెప్పింది. కాని అక్కడితో వాక్యం ముగించలేదు. ప్రభువు మరణ పునరుత్థానాలను ఆ బల్ల దగ్గర స్మరించేటప్పుడు వారు క్రీస్తుతోడి జీవ సహవాసాన్ని ఒప్పుకొంటున్నారని, ఆయన మహిమతో వచ్చే దినం కోసం చూస్తున్నారని కూడా చెప్పింది. మనం ఆ వాక్యంలో మొదటి సగం కంఠస్థం చేసి రెండవ సగం మరచిపోయాం.

ఇక మన సంగతి. పునీత పదవ పయస్ పోపుగారు 1905లో తరచుగా, వీలైతే ప్రతి దినం సత్ప్రసాదం స్వీకరించమని పిలిచారు. 1910లో ఏడేళ్ళ ప్రాయపు పిల్లలకు కూడా ప్రథమ సత్ప్రసాదపు తలుపు తెరిచారు. సంస్కరణకర్తలు అడిగిన పాత్ర కూడా రెండవ వాటికన్ మహాసభ తరువాత కొన్ని సందర్భాలలో మన చేతికి తిరిగి వచ్చింది. వారు నాలుగు వందల ఏళ్ళు వెతికి తిరిగి తెచ్చుకొంటున్న భోజనం మన గుడిలో దినదినమూ వడ్డించి ఉంది. మనమేమో ప్రసంగం అయ్యేదాకా చెట్టు క్రింద నిలబడతాం. సత్ప్రసాదం నోట్లో ఉండగానే చెప్పులు వెతుక్కొంటాం. పాప సంకీర్తనం చేయడానికి బద్ధకించి సంవత్సరాల తరబడి బల్లకు దూరంగా కూర్చొనేవారు ఎందరో! ఒక ప్రాచీన జబ్బు నుండి వారు లేస్తుంటే మనం అదే మంచం ఎక్కుతున్నామేమోనని భయం వేస్తుంది.

అన్నిటికంటె ఎక్కువ బరువు మోస్తున్నది మిశ్రమ వివాహాల కుటుంబాలు. ఆమె ఆర్.సి.యం., ఆయన సి.యస్.ఐ. ఉదయం ఆమెతో ఆయన పూజకు వస్తాడు. ఆమె లేచి సత్ప్రసాదానికి వెళ్తుంది, ఆయన బెంచీ మీద ఉండిపోతాడు. సంస్కారపు ఆదివారం నాడు అక్కడ ఆమె ఉండిపోతుంది. శ్రీసభ నియమం స్పష్టమే. కతోలికులు ఆ బల్ల వద్ద స్వీకరించరాదు. మరణాపాయం వంటి తీవ్రమైన అవసరంలో, సత్ప్రసాదం గూర్చి మన విశ్వాసమే తనదని తెలిపి, తానుగా కోరుకొనే ఇతర క్రైస్తవునికి మేత్రాణుల నిర్ణయానికి లోబడి మన గురువు ఇవ్వవచ్చు. ఇది 1983 నాటి శ్రీసభ చట్టం, 1993 నాటి ఐక్యతా నిర్దేశకం చెప్పేది. 2015 నవంబరులో రోములోని లూథరన్ దేవాలయంలో, కతోలికుని పెండ్లాడిన ఒక లూథరన్ స్త్రీ ఇదే ప్రశ్న అడిగితే దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు నియమాన్ని మార్చలేదు, ఆమె బాధను కొట్టివేయనూ లేదు. ప్రభువుతో మాట్లాడి ముందుకు సాగమన్నారు.

కనుక అలాంటి అమ్మలకు, అయ్యలకు నేను చెప్పేది ఇది. మీ ఆదివారపు పూజ మానకుండా, ఆయన సంస్కారపు ఆదివారం నాడు ఆయన వెంట వెళ్ళండి. పాటలు పాడండి, ప్రార్థనలలో పాలుపొందండి, శ్రీసభ దానికి అడ్డు చెప్పదు. బల్ల దగ్గరకు అందరూ వెళ్ళేటప్పుడు బెంచీ మీద ఉండిపోయినందుకు సిగ్గుపడకండి. ఆ కొద్ది నిమిషాలు మీకు బాధగా ఉంటే ఆ బాధనే ప్రార్థనగా సమర్పించండి. “నాన్న ఎందుకు రాలేదు?” అని పిల్లలు అడిగితే “వాళ్ళు వేరు” అని మాత్రం చెప్పకండి. “ఇంకా ఒకటి కాలేదు, కావాలని అడుగుతున్నాం” అని చెప్పండి. విచారణ గురువులు ఈ ఎనిమిది రోజులలో ఒక సాయంత్రం అలాంటి ఇంటికి వెళ్ళి, ఇద్దరితో కలిసి ప్రార్థించి, నియమం ఏమిటో, ఎందుకో నెమ్మదిగా వివరిస్తే బాగుంటుంది. పూజలో విశ్వాసుల ప్రార్థన చదివే యువకులు పక్క వీధి గుడి అయ్యగారిని పేరు పెట్టి తలచుకోవాలి. వారి సంస్కారపు ఆదివారం ఏదో కనుక్కొని, ఆ ఉదయం మన పూజలో కూడా.